వట్టి కాళ్ళతో గుణదల నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా

కొండ కింద

గుణదల మేరీమాత తిరునాళ్ళకు నడిచి వెళ్ళేవాళ్ళను ఫిబ్రవరిలో విజయవాడ రోడ్డు మీద చాలామంది చూసే ఉంటారు. నీలం జెండా పట్టుకుని, పాటలు పాడుకుంటూ గుంపులు గుంపులుగా పోతారు. కొండ ఎక్కి మొక్కు చెల్లించుకున్నాక, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బస్సెక్కుతారు. మేము చేసింది దానికి తలకిందులు. పోయేటప్పుడు బస్సులో పోయి, వచ్చేటప్పుడు నడిచి వచ్చాం. గుణదల కొండ దగ్గర మొదలుపెట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో ఉన్న చిన్న చర్చి దాకా. వచ్చి నెల దాటింది. కాళ్ళు మానాయి కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మేము అంటే నేనూ ఇన్నాసమ్మక్కా. నేను క్రైస్తవురాలిని కాను. మాది పోచంపల్లి పక్క పల్లె, నేతపని ఇల్లు, ఇంటి దేవుడు యాదగిరి నరసింహస్వామి. మా ఆయనకు కొత్తపేటలో చీరల దుకాణం. ఇన్నాసమ్మక్కది గుంటూరు జిల్లా, తాతల నాటి నుంచి కతోలిక కుటుంబం. మన్సూరాబాద్‌లో మా రెండిళ్ళ మధ్య ఒక్కటే గోడ. నా కూతురు శ్రావణిని ఆ గోడ మీదుగా ఇటు నుంచి అటు అందించి నేను ఎన్ని పనులు చేసుకున్నానో లెక్కలేదు. ఆ పిల్ల నోట 'అమ్మ' అన్న మాటా, 'పెద్దమ్మ' అన్న మాటా ఒకేసారి వచ్చాయి.

ఇప్పుడు శ్రావణి లా చదువుతోంది. తెలంగాణ ఉద్యమం అంటే ప్రాణం. నాకూ ఇష్టమే, కాదనను. కిందటేడు ఒక సాయంత్రం ఇన్నాసమ్మక్క తమ్ముడి కొడుకు, కోచింగ్ కోసం వచ్చి ఆమె ఇంట్లో ఉంటున్నవాడు, మా గుమ్మం ముందు శ్రావణితో వాదన పెట్టుకున్నాడు. మాటా మాటా పెరిగింది. అక్క మధ్యలోకి వచ్చి, "ఇన్నేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాం, ఇప్పుడు మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటావే?" అని అడిగింది. "మీ ఊరికి పోండ్రి" అన్నది నా కూతురు. అక్క లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు.

తర్వాత కొద్ది రోజులకే ఒక రాస్తారోకోలో జనం ఒక్కసారిగా పరుగెత్తితే శ్రావణి పడిపోయి, తల డివైడర్‌కు తగిలింది. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానలో కళ్ళు తెరవకుండా పడుకుంది. చూద్దాం అనడం తప్ప డాక్టర్లు వేరే మాట చెప్పలేదు. ఆ దవాఖాన వెనక సందులోనే చర్చి. అక్క రోజూ తెల్లారేసరికి అక్కడ మోకాళ్ళ మీద ఉండేది. పిల్ల లేస్తే గుణదల తల్లి పాదాల దగ్గర నుంచి ఈ చర్చి దాకా నడిచి వస్తానని, అక్కడ కొన్న కొవ్వొత్తి ఇక్కడ వెలిగిస్తానని మొక్కుకుంది. పిల్ల లేచింది. లేచి తిరిగింది, మళ్ళీ మీటింగులకూ పోయింది, పెద్దమ్మతో మాత్రం మాట్లాడలేదు. పంతం అనుకున్నాను. సిగ్గేమోనని ఇప్పుడు అనిపిస్తోంది.

మొక్కు సంగతి చెప్పి అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. "శ్రావణికి చెప్పమాక. తెలిస్తే నా మొహం చూడటానికి ఇబ్బంది పడుద్ది. నా మోకాలి నొప్పికి మొక్కుకున్నానని చెప్పు" అంది. సరేనన్నాను, నేనూ వస్తానన్నాను. నా బిడ్డ కోసం ఆమె ఒక్కతే నడుస్తుంటే నేను ఇంట్లో కూర్చుని టీవీ చూడటం నా వల్ల కాలేదు.

గుణదల కొండ నాకు కొత్తగా అనిపించలేదు. తలనీలాలు ఇస్తున్నారు, కొబ్బరికాయలు కొడుతున్నారు, పసిపిల్లలను తల్లి పాదాల దగ్గర పడుకోబెడుతున్నారు. పేరొక్కటి మారిస్తే యాదగిరిగుట్టే. అక్క చేయంత పొడుగు కొవ్వొత్తి ఒకటి ఎనభై రూపాయలకు కొన్నది. నేనైతే అరవైకి తెచ్చేదాన్ని. కొండ దిగి రోడ్డు దగ్గరికి వచ్చాక, అక్క చెప్పులు వేసుకోకుండా చేతిలో పట్టుకుని నిలబడి ఉండటం చూశాను. ఓహో, వీళ్ళ మొక్కులో చెప్పులు పనికిరావు కాబోలు అనుకుని నావి సంచిలో పెట్టాను. ఆమె కూడా తనవి సంచిలో పెట్టుకుంది. ఇద్దరం బయలుదేరాం.

అదివరకైతే అడిగేదాన్నే. మీ దాంట్లో ఇదెందుకు, అదెందుకు అని గుచ్చి గుచ్చి అడగడం నా అలవాటు. గుమ్మం ముందు ఆ గొడవ జరిగిన తర్వాత మా ఇద్దరికీ మాట మీద ఒక రకం భయం పట్టుకుంది. ఆచి తూచి మాట్లాడుకుంటున్నాం. ఆమె దేవుడి సంగతి ఆమెది, మనం కదిలించకూడదు అనుకున్నాను.

జగ్గయ్యపేట దాకా

ఇబ్రహీంపట్నంలో రోడ్డు పక్కన చేపలు వేయిస్తున్నారు. ఆ వాసనకు నా కాళ్ళు వాటంతటవే ఆగాయి. అక్క వైపు చూశాను. ఆమె తల తిప్పుకుని నడుస్తోంది. చేపలంటే ప్రాణం పెట్టే మనిషి. ఉపవాసం పట్టిందని అర్థం చేసుకుని నేనూ తల తిప్పుకున్నాను. ఆ పూట పప్పూ గోంగూర పచ్చడితో తిన్నాం, ఆ పచ్చడి కారానికి చెవుల్లోంచి పొగ వచ్చింది. అక్కకు అదే తియ్యగా ఉందట.

నందిగామ దాటాక ఒక టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. కొట్టామె మా కాళ్ళు చూసి స్టూలు తెచ్చి వేసింది. "ఎవరమ్మా మీరు, ఏ ఊరు?" అని నన్నే అడిగింది. నేను నోరు విప్పితే నా యాస బయటపడుతుంది. ఈ గొడవల్లో అటు పక్క కూడా మనసులు మండిపోతున్నాయి. అక్క చటుక్కున అందుకుని, "మా చెల్లెలండీ, గొంతు పోయింది" అని చెప్పింది. ఆమె వెంటనే వేడి నీళ్ళలో ఉప్పు వేసి తెచ్చి పుక్కిలించమంది. ఏ నొప్పీ లేని గొంతు కోసం ఆమె ముందే పుక్కిలించాను. టీ డబ్బులు తీసుకోనంది. అంత మంచి మనిషికి అబద్ధం చెప్పామని అక్క చాలాదూరం బాధపడింది.

అరికాళ్ళు మాత్రం జగ్గయ్యపేటకే బొబ్బలెక్కాయి. తారు మీద కన్నా పక్కన మట్టిలో నడవడం నయం, మట్టిలో గాజుపెంకులున్న చోట తారే నయం. రాత్రి చర్చి వరండాలో పడుకున్నప్పుడు ఆమె కాళ్ళకు నేనూ, నా కాళ్ళకు ఆమే కొబ్బరినూనె రాసుకున్నాం. ఇంత కష్టమైన మొక్కు ఎందుకు పెట్టుకుందో అని లోపల అనుకున్నాను. పైకి అనలేదు.

కోదాడ దాటాక

కోదాడ దాటిన దగ్గర నుంచి అక్క మాట్లాడటం మానేసింది. ఇప్పుడు మాట్లాడే వంతు నాది. గోడల మీద 'జై తెలంగాణ' రాతలు, ఊరి మొదట్లో దీక్షా శిబిరాలు, బతుకమ్మ పాటలు. నాకు సొంతింటికి వచ్చినట్టుంది. పక్కన ఆమె కొంగు తల మీదికి లాక్కుని, చూపు నేల మీద పెట్టి నడుస్తోంది. జగ్గయ్యపేట దాకా నేనూ అట్లాగే నడిచానని అప్పుడు గుర్తొచ్చింది. నాకు మనసు చివుక్కుమంది.

సూర్యాపేట దగ్గర పుచ్చకాయలమ్మే ముసలాయన పిలిచి కూర్చోబెట్టాడు. "గామె మాట్లాడదా?" అన్నాడు అక్కను చూసి. "మౌనం పట్టింది తాతా" అన్నాను. ఆయన వెంటనే లేచి ఆమెకు దండం పెట్టాడు. అక్క కంగారుపడి ఆయనకు తిరిగి దండం పెట్టింది. ఆయన మళ్ళీ పెట్టాడు. నేను మధ్యలో కూర్చుని పుచ్చకాయ తిన్నాను.

అక్కడే చిన్న ప్రమాదం జరిగింది. ఎండకు కొవ్వొత్తి మెత్తబడి, సంచిలో ఒంగిపోయి, కొడవలి ఆకారంలో బయటికి వచ్చింది. అక్క కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "వంకర కొవ్వొత్తి తీసుకెళ్ళి ఆ తల్లి ముందు ఎలా పెడతానే?" అంది. పోచంపల్లి తువ్వాలు తడిపి దానికి చుట్టాను. అది ఇంకా ఒంగకుండా కాపాడగలిగాను కానీ, నిటారు చేయడం నా వల్ల కాలేదు. ఆ తర్వాత దారి పొడుగునా ఆ తువ్వాలు తడపడం నా పనయింది.

చౌటుప్పల్‌లో మా చిన్నమ్మ కూతురి ఇంట్లో ఆగాం. వాళ్ళు కోడి కోస్తామన్నారు. అక్కకు ఉపవాసం కదా అనుకుని నేను వద్దన్నాను. అక్క నా మాటకు గట్టిగా తలూపింది. అందరం చారు పోసుకుని తిన్నాం. అక్కడ నుంచి బయలుదేరిన పొద్దున, అక్క మడమ పగిలి రక్తం కారడం మొదలైంది. తువ్వాలు అంచు చింపి కట్టాను. నాలుగడుగులకోసారి ఆగుతోంది. నా బిడ్డ మొక్కు మధ్యలో ఆగిపోతే ఏమవుతుందోనని నా భయం నాది. శ్రావణి ఎప్పుడైనా తలనొప్పి అంటే చాలు, ఇప్పటికీ నా గుండె గుభేలుమంటుంది. మొక్కు తీరకపోతే ఆ తల్లి మాట వెనక్కి తీసుకుంటుందేమోనని, నాది కాని దేవత ముందు నేను వణికిపోయాను.

మన్సూరాబాద్ మలుపు

హయత్‌నగర్‌లో లేచేసరికి బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. సంచులు మోసుకుని, పిల్లలను చంకనెత్తుకుని జనమంతా నడుస్తున్నారు. ఇన్ని రోజులూ దారిలో అందరూ మమ్మల్ని వింతగా చూశారు. ఆ రోజు ఊరంతా నడుస్తుంటే మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒకాయన మాతో పాటు నడుస్తూ, "ఎక్కడి నుంచి అమ్మా, పెద్ద అంబర్‌పేట నుంచా?" అన్నాడు. విజయవాడ నుంచి అన్నాను. "బస్సు అంత దూరంల ఆపిన్రా!" అని జాలిపడి వెళ్ళిపోయాడు.

మన్సూరాబాద్ మలుపు వచ్చింది. అక్కడ తిరిగితే ఇల్లు. అక్క మడమకు కట్టిన గుడ్డ పూర్తిగా ఎర్రబడింది. "జరసేపు ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుని పోదాం అక్కా" అన్నాను. ఆమె ఆ మలుపు వైపు చాలాసేపు చూసింది. "ఇంట్లోకి పోతే నేను మళ్ళీ లేవలేను. వెలిగించాకే ఇల్లు" అని ముందుకు నడిచింది. నేను ఆమె చేయి పట్టుకున్నాను.

ఎల్.బి. నగర్ చౌరస్తా

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా వంటా-వార్పు జరుగుతోంది. బస్సులు పోవాల్సిన చోట రాళ్ళు పెట్టి పొయ్యిలు వెలిగించారు. అండాల్లో అన్నం, పప్పుచారు ఉడుకుతున్నాయి. ఉద్యోగులు, దుకాణాలవాళ్ళు, కాలేజీ పిల్లలు అందరూ రోడ్డు మీదే బాసింపట్లు వేసుకుని తింటున్నారు. ఉద్యమంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ పద్ధతే. దారి ఆపినవాళ్ళే దారినపోయేవాళ్ళకు అన్నం పెడతారు.

అక్క ఇంక నడవలేక డివైడర్ మీద కూలబడింది. ఎర్రంచు నేతచీర కట్టుకున్న ఒకామె, మా ఊరి నేతే అది, విస్తర్లు తెచ్చి మా ముందు వేసింది. "ఎక్కడి నుంచి ఒస్తున్నరు? కాళ్ళేంది గిట్లయినయి?" అని అడిగింది. నేను జవాబు వెతుక్కునే లోపల అక్కే నోరు తెరిచింది. నొప్పికి మౌనం సంగతి మరిచిపోయిందేమో. "గుణదల నుంచండీ. మొక్కు ఉంటే నడిచొచ్చాం. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అంది.

అంతమంది మధ్య గుంటూరు మాట. పక్కన తింటున్నవాళ్ళు తలలు ఎత్తారు. నేను అక్కకు దగ్గరగా జరిగాను. ఎర్రంచు చీరామె అక్కను పైనుంచి కింది దాకా చూసి, నీళ్ళ చెంబు ఇచ్చి, విస్తరిలో ఇంకో గరిటె అన్నం వేసింది. "తినమ్మా, సల్లారుతది" అని పక్క విస్తరికి పోయింది. తలలు ఎత్తినవాళ్ళు మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టారు.

అప్పుడే పప్పుచారు బకెట్ పట్టుకుని శ్రావణి వచ్చింది. మమ్మల్ని అక్కడ చూస్తానని తను అనుకోలేదు, మేమూ అనుకోలేదు. బకెట్ కింద పెట్టి అక్క కాళ్ళ వైపే చూస్తూ నిలబడింది.

"ఇదేంది అమ్మా? మోకాలి నొప్పికి మొక్కుకుని కాళ్ళు ఇట్ల చేసుకుంటరా ఎవరన్న?" అన్నది నాతో. ఆమెతో కాదు.

"నాకేం కాలేదులే, నువ్వు పని చూసుకో" అంది అక్క.

నేను ఒట్టు వేశాను. ఊరుకుంటే సరిపోయేది. ఆ రక్తపు గుడ్డ చూస్తూ, ఆ పిల్ల అక్క అక్కడ లేనట్టు నా వైపు తిరిగి మాట్లాడటం చూస్తూ నేను ఊరుకోలేకపోయాను.

"మోకాలికి కాదు బిడ్డా. నీకు. నువ్వు దవాఖానల కండ్లు తెరవకుంట పన్నప్పుడు మొక్కింది" అన్నాను.

"ఒట్టు వేశావు గదే" అంది అక్క. కోపంగానే అంది.

"ఏసిన. నాతోని కాలేదు."

శ్రావణి రోడ్డు మీద అక్క ముందు కూర్చుని, ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ విప్పింది. చెంబులో మిగిలిన నీళ్ళతో మడమ కడిగింది. తల ఎత్తకుండానే, "పెద్దమ్మా, చెప్పులు ఏసుకోవద్దని ఉంటదా మీ దాంట్ల?" అని అడిగింది. ఎన్నో నెలల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అది.

"మా దాంట్లో అట్లాంటిదేం లేదమ్మా" అంది అక్క. "మీ అమ్మే వేసుకోలేదు. మీ నరసింహస్వామికి మొక్కుకుంటే అంతేనేమోనని నేనూ మానేశాను."

నేను తింటున్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "నేనా? కొండ కింద నువ్వు చెప్పులు చేతుల పట్టుకుని నిలబడితివి గదా."

"పట్టీ ఊడిపోతే చూసుకుంటున్నానే."

"మరి చేపలు?"

"నువ్వు తినట్లేదని. కోడి కూడా నువ్వే వద్దన్నావు."

విస్తర్లు వేసే ఆమె పక్కనే నిలబడి అంతా విన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. నేను ఆమె మనసు నొప్పించకూడదని అడగలేదు, ఆమె నా మనసు నొప్పించకూడదని అడగలేదు. మర్యాద పేరుతో ఒకరి కాళ్ళు ఒకరం కోసుకున్నాం. అక్క నా భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకోవే, అన్నంలో నీళ్ళు పడతన్నయ్" అంది.

శ్రావణి తన చున్నీ అంచు చింపి మడమకు కట్టింది. అక్క సంచిలో ఉన్న చెప్పులు తీసి ఆమె కాలికి తొడగబోతే వాచిన పాదానికి ఎక్కలేదు. తన కాళ్ళవి, వెడల్పాటి రబ్బరు చెప్పులు, విడిచి అక్క కాళ్ళకు తొడిగింది. "మరి నీకో?" అంది అక్క, తన చెప్పులు చూపించి. అవి శ్రావణి పాదంలో సగానికే వచ్చాయి. "నాకొద్దు, నువ్వు లే పెద్దమ్మా" అని ఆమె చంక కింద చెయ్యి వేసి లేపింది. నా చెప్పులు నేను సంచిలోంచి తీసి వేసుకున్నాను. ఇన్ని రోజుల తర్వాత అవి నావి కానట్టే అనిపించాయి.

కొత్తపేట మీదుగా

బంద్ రోజు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు ఎట్లా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. మామూలు రోజుల్లో ఆ రోడ్డు దాటాలంటే ఇద్దరు ముగ్గురు తోడు కావాలి. ఆ మధ్యాహ్నం నడిమధ్యలో ముగ్గురం పక్కపక్కనే నడిచాం. కొత్తపేట పండ్ల మార్కెట్ గేటు మూసి ఉంది, లోపల నుంచి మగ్గిన బత్తాయిల వాసన వస్తోంది. మా ఆయన దుకాణం షట్టరు కిందికి దింపి ఉంది. దాని ముందు అక్కను కాసేపు కూర్చోబెట్టాం.

ఎండ బాగా ముదిరింది. తారు కాలిపోతోంది. శ్రావణికి వట్టి కాళ్ళతో నడిచే అలవాటు ఏ రోజూ లేదు. కాసేపు మునివేళ్ళ మీద, కాసేపు మడమల మీద నడుస్తోంది, నీడ కనపడితే అటు గెంతుతోంది. నా చెప్పులు ఇవ్వబోయాను. వద్దని తలూపింది. అక్క రెండుసార్లు ఆగి, ఆ రబ్బరు చెప్పులు విడవబోయింది. "ఏసుకో పెద్దమ్మా, ఊకె విడవకు" అని గదిమింది నా కూతురు. గదిమేదాకా వచ్చిందంటే, ఇంక వాళ్ళిద్దరి మధ్య నేను చేయాల్సిందేమీ లేదని నాకు తెలిసింది. కొవ్వొత్తి సంచి పట్టుకుని వెనక నడిచాను.

నడుస్తూనే శ్రావణి, "ఆ రోజు నేను అన్నది..." అని మొదలుపెట్టింది.

"తెలుసులే" అంది అక్క. "మీ రాష్ట్రం మీకు వచ్చినా నేను మాత్రం ఆ గోడ పక్కనే ఉంటాను. నన్ను పంపడం నీ వల్ల కాదు."

"ఎవరు పొమ్మన్నరు ఇప్పుడు?" అంది శ్రావణి. ఏడుస్తూనే అంది.

సందులో చర్చి

కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి తిరిగి, దవాఖాన వెనక సందులోకి వచ్చాం. చర్చి చాలా చిన్నది. తెలియనివాళ్ళు ఇల్లనుకుని దాటి పోతారు. తలుపులు తీసే ఉన్నాయి. మెట్ల పక్కన మా గుళ్ళ దగ్గర ఉన్నట్టే చెప్పులు విడిచే చోటు. అక్క తువ్వాలు విప్పి కొవ్వొత్తి బయటికి తీసింది. కొడవలి వంకర అట్లాగే ఉంది. దాన్ని చూసి శ్రావణి, "ఇదేంది, నా తోవ లెక్కనే ఒంకర తిరిగింది" అంది. అక్క నవ్వింది. దారి మొత్తంలో ఆమె అట్లా నవ్వడం అప్పుడే చూశాను.

ఆ మెట్ల ముందు నిలబడగానే నా ఒళ్ళంతా తేలికయింది. ఏ దేవుడికి దండం పెట్టాలో ఆలోచించలేదు, పెట్టేశాను. ఆ దవాఖాన కిటికీలు అక్కడ నుంచి కనపడతాయి. అందులో ఒక కిటికీ వెనక నా బిడ్డ కళ్ళు మూసుకుని పడుకున్నప్పుడు, ఇక్కడ ఈమె మోకాళ్ళ మీద ఉంది. నేను వంగి నా చెప్పుల పట్టీలు విప్పుకుంటున్నాను. అక్క గోడ పట్టుకుని, కట్టు కదలకుండా రబ్బరు చెప్పులు ఒక్కొక్కటే నెమ్మదిగా విడుస్తోంది. విడవడానికి ఏమీ లేని నా కూతురు, అక్క చేతిలోని కొవ్వొత్తి అందుకుని, రెండు చేతులతో పట్టుకుని మా ఇద్దరికన్నా ముందే లోపలికి వెళ్ళింది.